జీతం లేని పనివాళ్ల కొండదారి

రెండంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవు. మనిషి కంటికి ఎదురుగా చెట్టు బెరడు మీద నిలువుగా వేసిన తెల్లరంగు పట్టీ. చెట్లు లేనిచోట అది బండ మీదికి, బండలు లేనిచోట పాతిన గుంజ మీదికి, ఊళ్లోకి వస్తే కరెంటు స్తంభం మీదికి మారుతుంది. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని స్ప్రింగర్ కొండ దగ్గర మొదలై, 14 రాష్ట్రాలు దాటి, ఉత్తరాన మెయిన్ రాష్ట్రంలో కటాడిన్ శిఖరం మీద ఆగే అపలాచియన్ ట్రయిల్‌కు ఇదే ఆనవాలు. దారి పొడవు దాదాపు 2,200 మైళ్లు, అంటే మూడున్నర వేల కిలోమీటర్లు. పట్టీలు లక్షా అరవై వేల పైచిలుకు. ఎంత నడిచినా తర్వాతి పట్టీ కనబడలేదంటే దారి తప్పినట్టే. చివరి పట్టీ చూసిన చోటికి వెనక్కి రావాలి.

ఈ పట్టీలు వేసినవాళ్లలో ఎక్కువమంది సర్కారు ఉద్యోగులు కారు, కాంట్రాక్టర్ల మనుషులూ కారు. వారమంతా తమ కొలువులు చేసుకుని, శని ఆదివారాల్లో రంగు డబ్బా, కుంచె, రంపం పట్టుకుని కొండెక్కినవాళ్లు. నూరేళ్లుగా ఈ పని ఇలాగే సాగుతోంది. దారిలో నడిచేందుకు టికెట్ లేదు. దారి ఎలా ఉందో, నీళ్లు ఎక్కడ దొరుకుతాయో చెప్పే మాటకు ఖరీదు లేదు. రాత్రి తలదాచుకునే పాకకు చాలాచోట్ల అద్దె లేదు. ఇలాంటి ఉచిత వ్యవహారాలు ఒకరిద్దరి ఉత్సాహంతో మొదలై, వాళ్లు అలిసిపోగానే మూలపడటం ఎక్కడైనా చూసేదే. ఈ దారి కూడా రెండు మూడుసార్లు మూలపడబోయింది. పడకుండా ఎలా నిలిచిందో చెప్పాలంటే 1921కి వెళ్లాలి.

ఆ ఏడాది బెంటన్ మకై అనే అటవీ అధికారికి 42 ఏళ్లు. మహిళల ఓటు హక్కు కోసం పోరాడిన ఆయన భార్య ఆ ఏప్రిల్‌లోనే న్యూయార్క్‌లో ఆత్మహత్య చేసుకుంది. ఆ దుఃఖంలో ఉన్న మనిషిని న్యూజెర్సీలోని తన పొలానికి రమ్మని పిలిచాడు మిత్రుడు చార్ల్స్ విటాకర్, అమెరికా వాస్తుశిల్పుల సంఘం పత్రికకు సంపాదకుడు. మకై అక్కడ కూర్చుని చాలాకాలంగా మనసులో నానుతున్న ఆలోచనను కాగితం మీద పెట్టాడు. అపలాచియన్ పర్వతశ్రేణి వెన్ను మీద ఉత్తరం నుంచి దక్షిణం దాకా ఒకటే కాలిబాట. ఆ వ్యాసం అదే ఏడాది అక్టోబరులో ఆ పత్రికలోనే అచ్చయింది.

మకై ఊహలో కాలిబాట ఒక భాగం మాత్రమే. దాని పొడవునా విడిది శిబిరాలు, సహకార పద్ధతిలో నడిచే పొలాలు, ఫ్యాక్టరీ పొగలో నలిగిన పట్నపు జనం వచ్చి ఊపిరి పీల్చుకునే చిన్నచిన్న కొండ పల్లెలు ఉండాలి. వీటిలో ఎక్కడా లాభాపేక్ష ఉండకూడదు. దారిని వేసేది కూడా నడిచేవాళ్లే కావాలి. పొలాలూ పల్లెలూ కాగితం మీదే మిగిలిపోయాయి. నిలిచింది దారి, దాన్ని నడిచేవాళ్లే వేసుకోవాలన్న షరతు.

ఆలోచన మకైది కావచ్చు గానీ నేల అప్పటికే కొంత సిద్ధంగా ఉంది. బోస్టన్ వైపు చదువుకున్నవాళ్లు 1876లోనే అపలాచియన్ మౌంటెన్ క్లబ్ పెట్టుకున్నారు. న్యూహ్యాంప్‌షైర్ కొండల్లో దార్లు చెక్కి, రాతి గుడిసెలు కట్టారు. వెర్మాంట్ రాష్ట్రంలో 1910లో గ్రీన్ మౌంటెన్ క్లబ్ పుట్టి, ఆ రాష్ట్రం ఈ కొస నుంచి ఆ కొస దాకా లాంగ్ ట్రయిల్ వేయడం మొదలుపెట్టింది. అవన్నీ విడివిడి ముక్కలు. కలిపి ఒక దారం చేయాలన్నది మకై మాట.

మొదటి ముడి న్యూయార్క్ దగ్గర పడింది. అక్కడి పాలిసేడ్స్ పార్కు జనరల్ మేనేజర్ విలియం వెల్చ్, న్యూయార్క్ ఈవెనింగ్ పోస్ట్ పత్రికలో కొండనడకల గురించి శీర్షిక రాసే రేమండ్ టోరీ కలిసి నగరంలోని నడక క్లబ్బులను ఒక్కతాటి మీదికి తెచ్చారు. ఆ రోజుల్లో టోరీ శీర్షికే కొండనడక వాళ్లందరికీ రచ్చబండ. ఈ వారం ఏ క్లబ్ ఎటు వెళ్తోంది, ఏ దారిలో చెట్టు పడింది, వచ్చే ఆదివారం ఎక్కడ పొదలు నరకాలి, రంపం ఎవరు తేవాలి, అన్నీ అందులో వచ్చేవి. పాఠకుడు చదివేవాడు, ఆదివారం పొద్దున రైలెక్కి పనికి దిగేవాడు. అలా బేర్ మౌంటెన్ నుంచి ఆర్డెన్ వైపు వేసిన ముక్క 1923 అక్టోబరు 7న తెరుచుకుంది. అపలాచియన్ ట్రయిల్ పేరుతో కొత్తగా వేసిన మొదటి భాగం అదే. తొలి రోజుల్లో చెట్లకు కొట్టిన డైమండ్ ఆకారపు రాగి బిళ్లల నమూనా వెల్చ్‌దే.

1925 మార్చిలో వాషింగ్టన్‌లో సభ జరిగి అపలాచియన్ ట్రయిల్ కాన్ఫరెన్స్ ఏర్పడింది. సభ బాగా జరిగింది, ఉపన్యాసాలు బాగున్నాయి. ఆ తర్వాత ఏడాదికి పైగా కదలిక లేదు. కనెక్టికట్‌కు చెందిన ఆర్థర్ పెర్కిన్స్ అనే రిటైరైన లాయరు పూనుకుని ఆ బండిని మళ్లీ పట్టాల మీదికి తెచ్చాడు. పెర్కిన్స్ ఆరోగ్యం దెబ్బతిన్నాక పగ్గాలు ఓ యువకుడి చేతికి వచ్చాయి. ఆ యువకుడి పేరు మైరన్ ఏవరీ.

ఏవరీ మెయిన్ రాష్ట్రపు సముద్రతీరంలో లూబెక్ అనే ఊళ్లో పుట్టాడు. హార్వర్డ్‌లో లా చదివి, వాషింగ్టన్‌లో ఓడల వ్యవహారాల కేసులు చూసే సర్కారు లాయరుగా పనిచేసేవాడు. 1927లో కొందరు మిత్రులతో పొటోమాక్ అపలాచియన్ ట్రయిల్ క్లబ్ పెట్టాడు. 1931 నుంచి 1952 దాకా కాన్ఫరెన్స్ అధ్యక్షుడు. పగలంతా ఉద్యోగం, రాత్రిళ్లు ఉత్తరాలు, సెలవులన్నీ కొండల్లో. ఎక్కడ క్లబ్ లేదో అక్కడ క్లబ్ పెట్టించాడు. ఏ క్లబ్ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా చూసుకోవాలో పంచాడు. పని జరగని చోటికి ఘాటైన ఉత్తరం వెళ్లేది. జార్జియా నుంచి మెయిన్ దాకా ఆయన రెండు దార్లు వేశాడనీ, ఒకటి నడిచేదారి అయితే రెండోది నొచ్చుకున్న మనసులదనీ తోటివాళ్లు చెప్పుకునేవాళ్లు.

ఏవరీ చేతిలో ఎప్పుడూ ఒక చక్రం ఉండేది. సైకిల్ చక్రానికి పిడి బిగించి, తిరిగిన దూరాన్ని లెక్కగట్టే చిన్న మీటరు తగిలించినది. దాన్ని తోసుకుంటూ నడిచేవాడు. వాగు దాటే చోటు, దారి చీలే చోటు, ఊట కనబడే చోటు, పాక ఉన్న చోటు, ఒక్కోదాని దగ్గర ఆగి మీటరు చూసి పుస్తకంలో రాసుకునేవాడు. 1933 ఆగస్టులో కటాడిన్ శిఖరం మీద ఆ చక్రంతో దిగిన ఫోటో నడకవాళ్ల లోకంలో ఇప్పటికీ ప్రసిద్ధి. ఆ చక్రం చెప్పిన దూరాలతోనే గైడు పుస్తకాలు తయారయ్యాయి. వర్జీనియా బ్లూ రిడ్జ్ కొండల దారులకు పొటోమాక్ క్లబ్ వేసిన గైడు 1931లో వచ్చింది. మైలులో పదో వంతు దాకా లెక్క, ఉత్తరం నుంచి వచ్చేవాళ్లకు ఒక వివరణ, దక్షిణం నుంచి వచ్చేవాళ్లకు మరో వివరణ. సాహిత్యం కోసం ఎవరూ చదివే పుస్తకం కాదది. చీకటి పడేలోపు నీటిచెలమ చేరగలమా లేదా అని తేల్చుకోవడానికి తెరిచే పుస్తకం. 1936కల్లా ఏవరీ ముక్కలు ముక్కలుగా దారి మొత్తం నడిచేశాడు. అలా నడిచిన మొదటి మనిషి ఆయనే.

కల కన్న మకైకీ, కట్టిన ఏవరీకీ పొత్తు కుదరలేదు. షెనండోవా కొండల వెన్ను మీదుగా స్కైలైన్ డ్రైవ్ అనే కారు రోడ్డు పని 1931లో మొదలైంది. సరిగ్గా కాలిబాట పోయే చోటే రోడ్డూ పోతోంది. మకై మండిపడ్డాడు. కారు చప్పుడు వినబడని చోటు కోసమే కదా ఈ దారి అన్నాడు. ఏవరీ లెక్క వేరు. రోడ్డు ఎలాగూ ఆగదు, సర్కారుతో తగాదా పెట్టుకుంటే దారే పోతుంది, వాళ్ల ఖర్చుతో దారిని పక్కకు జరిపించుకోవడమే మేలు అన్నాడు. 1935లో ఇద్దరి మధ్య ఘాటు ఉత్తరాలు నడిచాయి. ఆ తర్వాత మాటలు లేవు. అదే ఏడాది మకై మరికొందరితో కలిసి వైల్డర్‌నెస్ సొసైటీ స్థాపించి అడవుల రక్షణ వైపు వెళ్లిపోయాడు. ఏవరీ తన చక్రంతో ముందుకు పోయాడు. ఈ తగువులో ఎవరు ఒప్పన్నది నడకవాళ్లు ఇప్పటికీ తేల్చుకోలేదు. కాని ఏవరీ రాజీపడకపోయి ఉంటే దారి పూర్తవడం కష్టమయ్యేది.

షెనండోవా కథలో దీనికన్నా చేదైన భాగం మరొకటుంది. అక్కడ పెట్టిన జాతీయ పార్కు కోసం తరాలుగా కొండల్లో బతికిన వందల కుటుంబాలను ఖాళీ చేయించారు. 1939లో ఆ పార్కులో లూయిస్ మౌంటెన్ విడిదిని నల్లజాతివాళ్ల కోసమని వేరుగా పెట్టారు. ఆ వివక్ష పూర్తిగా పోయేసరికి 1950 వచ్చింది. ఇంకా దక్షిణాన, టెనెసీ, నార్త్ కరోలినా సరిహద్దులో దారి మొత్తానికీ ఎత్తయిన 6,643 అడుగుల శిఖరం చెరోకీల కొండ. వాళ్లలో అత్యధికులను 1838లో సైన్యం పశ్చిమానికి తరిమింది. శిఖరానికి క్లింగ్‌మన్స్ డోమ్ అన్న పేరు పోయి, కువోహి అన్న చెరోకీ పేరు తిరిగి అధికారికంగా వచ్చింది 2024లో. అందరిదీ అని చెప్పుకునే దారి మొదటి నుంచీ అందరిదీ కాలేదు.

దారిలో కష్టమైన ముక్క మెయిన్ అడవులు. ఊళ్లు లేవు, క్లబ్బులు లేవు, కలప కంపెనీల భూములు, దుంగలు లాగే బాటలు తప్ప ఏమీ లేవు. ఉత్తరపు కొసను న్యూహ్యాంప్‌షైర్‌లోనే ముగిద్దామన్న మాట కూడా వచ్చింది. పుట్టినగడ్డ మీద మమకారమో, మొండితనమో, ఏవరీ ఒప్పుకోలేదు. ఆర్థిక మాంద్యం కాలంలో నిరుద్యోగ యువకులకు పని కల్పించడానికి రూజ్‌వెల్ట్ ప్రభుత్వం పెట్టిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ ఈ పనిలో చేయి కలిపింది. చివరి రెండు మైళ్లను షుగర్‌లోఫ్ కొండ దగ్గర ఆ దళమే తెరిచింది. 1937 ఆగస్టు 14న జార్జియా నుంచి మెయిన్ దాకా దారి కలిసింది. మకై వ్యాసం అచ్చయి అప్పటికి 16 ఏళ్లు నిండలేదు.

కథ ఇక్కడితో ముగిసి ఉంటే అదొక విజయగాథ. ఏడాది తిరిగిందో లేదో 1938 సెప్టెంబరులో పెద్ద తుపాను న్యూ ఇంగ్లండ్ అడవులను నేలమట్టం చేసింది. దక్షిణాన బ్లూ రిడ్జ్ పార్క్‌వే రోడ్డు దారిని మింగుతూ పోయింది. ఆపైన యుద్ధం. రంపాలు పట్టిన చేతులు తుపాకులు పట్టాయి, పెట్రోలుకు రేషను వచ్చింది. మూడు నాలుగు వేసవులు ఎవరూ రాకపోతే అక్కడ దారి ఉండదు. ముళ్లపొదలు అల్లుకుంటాయి, పట్టీలు పెచ్చులూడతాయి, వానకు మట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలతాయి. దారి మళ్లీ ఏకంగా కలిసింది 1951లో. ఆ మరుసటి ఏడాది అధ్యక్ష పదవి వదిలిన ఏవరీ కొద్దివారాలకే, 52 ఏళ్ల వయసులో గుండె ఆగి చనిపోయాడు.

ఆ మధ్యకాలంలోనే, 1948 ఏప్రిల్‌లో, పెన్సిల్వేనియాకు చెందిన ఎర్ల్ షేఫర్ అనే మాజీ సైనికుడు జార్జియాలో నడక మొదలుపెట్టాడు. చిన్ననాటి స్నేహితుడు ఇవో జిమాలో చనిపోయాడు. ఆ బాధను నడిచి పోగొట్టుకోవాలన్నది అతని ఆలోచన. చేతిలో గైడు పుస్తకాలు లేవు, రోడ్డు మ్యాపులే. మూసుకుపోయిన చోట వెతుక్కుంటూ, తప్పిపోయి మళ్లీ దొరకబుచ్చుకుంటూ ఆగస్టులో కటాడిన్ చేరాడు. ఒకే దఫాలో మొత్తం నడవడం మనిషికి సాధ్యం కాదని దారి వేసినవాళ్లే అనుకుంటున్న రోజులవి. అతను నిజంగా నడిచాడని నమ్మించడానికి డైరీ, ఫోటోలు చూపించాల్సి వచ్చింది. అదే షేఫర్ 50 ఏళ్ల తర్వాత 1998లో, 79 ఏళ్ల వయసులో మళ్లీ మొత్తం నడిచాడు.

షేఫర్ కన్నా జనం నోళ్లలో ఎక్కువ నానిన పేరు ఎమ్మా గేట్‌వుడ్. ఒహాయోలో రైతు కుటుంబం, 11 మంది పిల్లలు, కొట్టి హింసించిన భర్త నుంచి విడాకులు. నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో ఈ దారి గురించి చదివింది. గుర్తులు చక్కగా ఉంటాయని, రోజు నడక దూరంలో పాకలుంటాయని ఆ వ్యాసం చెప్పింది. 1954లో మెయిన్ వైపు నుంచి బయల్దేరి దారి తప్పింది, రేంజర్లు ఇంటికి పంపేశారు. మరుసటి ఏడాది 67 ఏళ్ల వయసులో, ఇంట్లో ఎవరికీ సంగతి చెప్పకుండా జార్జియా నుంచి మొదలుపెట్టింది. కాళ్లకు మామూలు కాన్వాసు బూట్లు, భుజాన తానే కుట్టుకున్న సంచి, వానకు ప్లాస్టిక్ స్నానపు తెర. సెప్టెంబరు 25న కటాడిన్ ఎక్కింది. ఒంటరిగా ఒకే ఏడాదిలో దారి మొత్తం నడిచిన మొదటి స్త్రీ ఆమె. విలేకరులు చుట్టుముడితే ఆమె పొగడ్తలు చెప్పలేదు. పాకలు కూలిపోయి ఉన్నాయని, పొదలు నరికే దిక్కులేదని, పత్రికలో రాసినది వేరు నేల మీద ఉన్నది వేరు అని కుండబద్దలు కొట్టింది. ఆ విమర్శ దేశమంతా అచ్చయింది. దారి దుస్థితి గురించి జనానికి తెలిసింది.

పుస్తకంలో ఉన్నదానికీ నేల మీద ఉన్నదానికీ మధ్య తేడాను పూడ్చడానికి నడకవాళ్లు తమకు తామే ఒక పద్ధతి పెట్టుకున్నారు. దారి పొడవునా 250కి పైగా పాకలున్నాయి. మూడువైపులా గోడలు, ముందువైపు తెరిచి ఉండే చిన్న చావళ్లు. ఒక్కోదాంట్లో ఒక నోటు పుస్తకం, తడవకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంటుంది, దానికో పెన్ను. వచ్చినవాళ్లు తేదీ వేసి, దారిలో తాము పెట్టుకున్న మారుపేరుతో నాలుగు ముక్కలు రాసి పోతారు. వెనక మైలు దూరంలో ఊట ఎండిపోయింది. రాత్రి ఎలుగు వచ్చింది, తిండిసంచి ఎత్తుగా కట్టండి. ముందు వాగులో మోకాలి లోతు నీళ్లున్నాయి. ఫలానావాడికి కాలు బెణికింది, నెమ్మదిగా వస్తున్నాడు. ఎవరైనా తప్పిపోతే వెతికేవాళ్లు మొదట చూసేది ఈ పుస్తకాన్నే. ఆఖరి సంతకం ఏ పాకలో ఉందో, వెతకాల్సింది అక్కడి నుంచే. పుస్తకం నిండితే ఆ పాకను చూసుకునే వాలంటీరు తీసుకుపోయి కొత్తది పెడతాడు.

ఈ సమాచారమే క్రమంగా అచ్చులోకీ వచ్చింది. ఏయే చోట నీళ్లు, పాక, రోడ్డు, కిరాణా ఉన్నాయో దూరాలతో చెప్పే పలచటి డేటా బుక్ 1977 నుంచి ఏటా వస్తోంది. 1983లో ఏర్పడ్డ దూరనడకవాళ్ల సంఘం 1990లలో మరో గైడు మొదలుపెట్టింది. ఒక్కో ముక్కను ఒక్కో సభ్యుడు పంచుకుని, ఆ ఊళ్లో పోస్టాఫీసు వేళలు మారాయా, హోటలు మూతపడిందా, బట్టలుతికే మెషిను పనిచేస్తోందా అని ప్రతి ఏడాదీ సరిచూసి రాయడం దాని పద్ధతి. ఇప్పుడు ఇదంతా ఫోన్లలోకి వచ్చేసింది. అయినా పాకల్లో నోటు పుస్తకాలు పోలేదు. సిగ్నలు లేనిచోట, బ్యాటరీ అయిపోయినచోట వాటి అవసరం అలాగే ఉంది.

1960లకు వచ్చేసరికి అసలు ముప్పు ఇంకో రూపంలో వచ్చింది. దారిలో చాలా భాగం ప్రైవేటు భూముల మీదుగా, రైతుతో నోటిమాట ఒప్పందంతో పోయేది. రైతు చనిపోయి కొడుకు భూమి అమ్మితే అక్కడ వేసవి బంగళాలు లేచేవి, మంచు ఆటల రిసార్టు లేచేది, ప్రవేశం నిషేధం అన్న బోర్డు లేచేది. దక్షిణపు కొసలో కోళ్లఫారాలూ ఇళ్లూ పెరిగి, 1958లో మొదలు స్థానాన్నే ఓగల్‌థోర్ప్ కొండ నుంచి స్ప్రింగర్ కొండకు మార్చాల్సి వచ్చింది. చాలాచోట్ల తెల్ల పట్టీలు అడవి వదిలి లారీలు తిరిగే రోడ్డు పక్కకు చేరాయి. వాలంటీర్లు పొదలు నరకగలరు గానీ భూమి కొనలేరు.

అందుకే చట్టం కావాల్సి వచ్చింది. 1968 అక్టోబరు 2న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ జాతీయ కాలిబాటల చట్టం మీద సంతకం పెట్టాడు. చట్టం వచ్చిన పదేళ్లదాకా పెద్దగా భూమి కొన్నది లేదు. 1978లో కార్టర్ కాలంలో సవరణ తెచ్చి 9 కోట్ల డాలర్ల దాకా మంజూరు చేశాక పని ఊపందుకుంది. ఇష్టంగా అమ్మినవాళ్లున్నారు, కోర్టుకెక్కినవాళ్లున్నారు. భూమి పోయిన కోపం కొన్ని లోయల్లో తరం దాటినా చల్లారలేదు. ఇవాళ దారిలో 99 శాతానికి పైగా ప్రభుత్వ రక్షణలోని భూమి మీద ఉంది.

భూమి చేతికొచ్చాక సర్కారు పెత్తనం కూడా వస్తుందని చాలామంది అనుకున్నారు. జరిగింది వేరు. 1984 జనవరిలో నేషనల్ పార్క్ సర్వీసు ఒక ఒప్పందం రాసింది. కొనుగోలు చేసిన భూమినీ దారినీ రోజువారీ చూసుకునే బాధ్యతను ఏవరీ నడిపిన ఆ కాన్ఫరెన్స్‌కే అప్పగించింది. భూమి సర్కారుది, చాకిరీ క్లబ్బులది. పోలీసు పని, కోర్టు పని మాత్రం సర్కారు దగ్గర ఉంచుకుంది. 2005లో పేరు మార్చుకుని అపలాచియన్ ట్రయిల్ కన్జర్వెన్సీ అయిన ఆ సంస్థ కింద ఇప్పుడు దాదాపు 30 క్లబ్బులు తలా కొంత దారిని చూసుకుంటున్నాయి. క్లబ్ లోపల మళ్లీ ఒక్కో మనిషికో జంటకో ఒకటి రెండు మైళ్లు రాసి ఇస్తారు. ఆ రెండు మైళ్లలో ఏ చెట్టు పడినా, ఏ పట్టీ మాసినా వాళ్లదే జవాబుదారీ. ఏవరీ పంచిన పద్ధతే ఇది. మామూలు ఏడాదిలో సుమారు 6,000 మంది రెండు లక్షల గంటలకు పైగా పనిచేస్తారు.

పని చూడటానికి తేలిక, చేస్తే తెలుస్తుంది. పట్టీ వేసేముందు బెరడు మీది గరుకును గోకుడుకత్తితో పైపైన గీకాలి. లోతుగా గీకితే చెట్టుకు గాయం, గీకకపోతే రంగు పట్టదు. నాలుగు మూలలూ సూటిగా రావాలి, రంగు కారకూడదు. చెట్టు లావెక్కే కొద్దీ పట్టీ వెడల్పు సాగుతుంది, కొన్నేళ్లకోసారి అంచులు సరిచేయాలి. ఒకదాని మీద ఒకటిగా రెండు పట్టీలుంటే మలుపు వస్తోంది, చూసుకో అని అర్థం. నీలం పట్టీ అయితే నీళ్లకో పాకకో పోయే పక్కదారి. నాలుగు అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు మేర కొమ్మలు అడ్డం లేకుండా నరకాలి, మూట వేసుకున్న మనిషి తగలకుండా పోవాలి కదా.

అన్నిటికన్నా పెద్ద శత్రువు వాన. దారి పల్లంగా ఉన్నచోట నీరు దాన్నే కాలువ చేసుకుని మట్టిని కోసుకుపోతుంది. అందుకని దారికి అడ్డంగా, కాస్త ఏటవాలుగా రాయో దుంగో పాతి, పొలంలో గట్టు తెంచి నీరు మళ్లించినట్టు నీటిని పక్కకు తోలేస్తారు. దాని వెనక మేటవేసిన బురదను ఏటా పారతో తీయాలి. తీయకపోతే రెండో వానాకాలానికి అది ఉన్నా లేనట్టే. ఏవరీ కాలంలో దారిని నేరుగా కొండ మీదికి ఎక్కించేవాళ్లు. అది కోసుకుపోతోందని తెలిశాక, కొండవాలు వెంబడి మెలికలు తిప్పుతూ కొత్తగా వేస్తున్నారు. ఇలాంటి బరువు పనుల కోసం 1983లో వర్జీనియాలోని కొన్నరాక్ పేరుతో వేసవి దళం పెట్టారు. జనం వారం చొప్పున వచ్చి గుడారాల్లో ఉండి రాళ్లు దొర్లిస్తారు. చట్టప్రకారం యంత్రాలు వాడకూడని అడవుల్లో మోటారు రంపం పనికిరాదు. అక్కడ పడిన చెట్టును ఇప్పటికీ ఇద్దరు చెరో కొస పట్టుకుని లాగే పాతకాలపు రంపంతోనే కోస్తారు.

ఈ దారిలో ఒక తెల్ల పట్టీ నీళ్ల మీద తేలుతూ ఉంటుంది. మెయిన్‌లో కెన్నెబెక్ నది దగ్గర వంతెన లేదు. ఎగువ డ్యాం నుంచి చెప్పాపెట్టకుండా నీరు వదిలితే నిమిషాల్లో మట్టం పెరుగుతుంది. 1980ల్లో ఒక నడకమనిషి ఈ నది దాటుతూ మునిగి చనిపోయారు. ఆ తర్వాత సీజనులో ఉచిత పడవ ఏర్పాటు చేశారు. పడవ నడిపే మనిషికి డబ్బు సంస్థ ఇస్తుంది, ఎక్కేవాళ్ల నుంచి తీసుకోదు. ఆ పడవ అడుగున తెల్ల పట్టీ వేశారు. అంటే పడవ కూడా దారిలో భాగమే, అది ఎక్కినంత మాత్రాన నడక తెగినట్టు కాదు.

దారి పక్క ఊళ్లకు ఇదంతా మొదట వింత, తర్వాత బతుకుతెరువు. వర్జీనియాలోని డమాస్కస్ ఊరి నడివీధిలోంచే దారి పోతుంది. 1987లో ఆ ఊరు మొదలుపెట్టిన ట్రయిల్ డేస్ జాతరకు ఇప్పుడు వేలమంది వస్తారు. వెస్ట్ వర్జీనియాలోని హార్పర్స్ ఫెర్రీలో సంస్థ కార్యాలయం ఉంది. కొస నుంచి కొస దాకా నడిచే ఉద్దేశంతో వచ్చినవాళ్లకు అక్కడ ఫోటో తీసి ఆల్బంలో అంటిస్తారు. ఏటా 3,000 మందికి పైగా ఆ ఉద్దేశంతో మొదలుపెడితే, ముగించేది నలుగురిలో ఒకరు.

2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను వచ్చింది. జార్జియా నుంచి దక్షిణ వర్జీనియా దాకా కొండలు విరిగిపడ్డాయి, అడవులకు అడవులే ఒరిగిపోయాయి. టెనెసీలోని అర్విన్ దగ్గర నొలిచకీ నది దాటించే వంతెన కొట్టుకుపోయింది. వందల మైళ్ల దారికి పోవద్దని సంస్థ హెచ్చరించింది. కొండ కింద క్లబ్ సభ్యుల ఊళ్లే మునిగిపోయాయి. ముందు ఆ ఊళ్లు, తర్వాత దారి. అయినా శిక్షణ పొందిన రంపందారులు వేరే రాష్ట్రాల క్లబ్బుల నుంచి వచ్చి వేల చెట్లు కోశారు. 2025 వసంతానికల్లా చాలాభాగం మళ్లీ తెరుచుకుంది. 1938 తుపాను దెబ్బ నుంచీ యుద్ధం నుంచీ కోలుకోవడానికి 13 ఏళ్లు పట్టిన దారి ఇది. ఈసారి నెలల్లోనే చాలావరకు కోలుకుంది. తేడా ఎక్కడుందంటే, ఈసారి భూమి ఎవరిదన్న ప్రశ్న లేదు, ఏ మైలు ఎవరి బాధ్యతో ముందే రాసి ఉంది.

వాలంటీర్ల తలలు నెరిసిపోతున్నాయన్నది ఇప్పుడు ఆ క్లబ్బుల్లో వినబడే దిగులు. రిటైరైనవాళ్లే ఎక్కువ, కుర్రవాళ్లు నడవడానికి వస్తారు గానీ పార పట్టడానికి తక్కువ వస్తారు. అట్లాంటాలో, వాషింగ్టన్ శివార్లలో, న్యూజెర్సీలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఈ దారి రెండు గంటల కారు ప్రయాణం లోపలే ఉంది. ఆకులు రంగు మారే అక్టోబరులో స్కైలైన్ డ్రైవ్ మీద తెలుగు వినబడని వారాంతం ఉండదంటే అతిశయోక్తి కాదు. జార్జియా క్లబ్, పొటోమాక్ క్లబ్, న్యూయార్క్ న్యూజెర్సీ ట్రయిల్ కాన్ఫరెన్స్ మూడూ వారాంతాల్లో పని బృందాలను కొండకు తీసుకెళ్తాయి. అనుభవం అడగరు, పనిముట్లు వాళ్లే ఇస్తారు, పని పక్కనుండి నేర్పుతారు. మంచి బూట్లు, చేతి తొడుగులు, మధ్యాహ్నానికి అన్నం డబ్బా, తాగేందుకు నీళ్లు మీరు తెచ్చుకోవాలి. ఈసారి ఫోటోల కోసం వెళ్లినప్పుడు, వాళ్ల పని తేదీలు కూడా ఒకసారి చూసి వెళ్లండి.